పిడికిలా, గుప్పిటా?

సందేహం: మా అమ్మాయి బాక్సింగ్ నేర్చుకుంటోంది. ఇంట్లో సాధన చేసేటప్పుడు "పిడికిళ్లు బిగించి ముఖానికి అడ్డం పెట్టుకో" అని నేనంటే, "సార్ బిగించవద్దన్నారు, గార్డ్ (దెబ్బ తగలకుండా చేతులు అడ్డం పెట్టి కాచుకోవడం) పెట్టాలంతే" అంటుంది. బిగించనిది పిడికిలి ఎలా అవుతుంది? గార్డ్‌ను 'ముష్టిరక్షణ' అనవచ్చా?

సమాధానం: ఆట విషయంలో గురువుగారి మాటే సరైనది, మాట విషయంలో మీ సందేహమూ సరైనదే. కుడిచేతి వాటం వారు సాధారణంగా ఎడమ పాదాన్నీ ఎడమ చేతినీ కొంత ముందుంచి, కుడి చేతిని దవడ పక్కన నిలిపి, మోచేతులను డొక్కలకు దగ్గరగా దించి, గడ్డాన్ని లోపలికి వంచి నిలబడతారు. అప్పుడు వేళ్లు ముడుచుకొని ఉంటాయే కాని బిగిసి ఉండవు, ఎందుకంటే అదేపనిగా బిగించిన చేయి భుజం దాకా అలసి, దెబ్బలో వేగం తగ్గుతుంది. బిగువు దెబ్బ తగిలే క్షణంలో రావాలి. బొటనవేలు మాత్రం ఎన్నడూ వేళ్ల లోపల దాగరాదు.

ఈ రెండు స్థితులకూ మనకు రెండు మాటలున్నాయి. పిడికిలిలోని 'పిడి' గట్టిగా పట్టడాన్ని చెప్పే ద్రావిడ ధాతువు. తమిళంలో పిడి అన్నా, పకారం హకారమైన కన్నడంలో హిడి అన్నా పట్టుకోవడమే. కత్తి పిడి, పిడిగుద్దు, పట్టిన పట్టు విడవని పిడివాదం దాని సంతానమే. గుప్పిట అలా కాదు, అందులో ఏదైనా దాచుకునేంత చోటు ఉంటుంది. కాబట్టి కాచుకునేటప్పుడు గుప్పిట, కొట్టేటప్పుడు పిడికిలి అని నా అభిప్రాయం; వాడుకలో రెండూ కలిసిపోయిన ప్రాంతాల వారిని తప్పుపట్టలేను.

ఇక ముష్టి. వేదపదాల అర్థాలు వివరించిన ప్రాచీన గ్రంథం నిరుక్తంలో యాస్కుడు "ముష్టిర్మోచనాద్వా మోషణాద్వా మోహనాద్వా" అని మూడు వ్యుత్పత్తులు చూపాడు: విడవడం, అపహరించడం, స్పృహ తప్పించడం. మూడవది ఈ ఆటకు ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. సంస్కృత భాగవతం దశమ స్కంధంలో కంసుని మల్లుడు చాణూరుడు డేగలా ఎగిరి, "ముష్టీకృత్య కరావుభౌ", రెండు చేతులనూ ముష్టులుగా చేసి కృష్ణుని రొమ్ము మీద మోదుతాడు. ఇక్కడ 'ముష్టి'ని 'ముష్టీ'గా మార్చిన చ్వి అనే సంస్కృత ప్రత్యయాన్ని తేలికగా దాటిపోరాదు. అంతకుముందు కానిది అప్పుడు అయిందని చెప్పడమే దాని పని. శుక్లీకరోతి అంటే తెల్లగా లేనిదానిని తెల్లగా చేయడం. అంటే దెబ్బకు ముందు ఆ చేతులు ముష్టులు కావు, దెబ్బతోనే అయ్యాయి. మీ అమ్మాయికి చెప్పిన పాఠం ఆ ఒక్క ప్రత్యయంలో ఉంది. రెండు చేతులనూ ఒకేసారి దెబ్బకు వినియోగించిన చాణూరునికి కాచుకునే చేయి మిగలలేదన్నదీ గమనించదగినదే. ఆ తర్వాత బలరాముడు కూటుడనే మల్లుడిని "వామముష్టినా", ఎడమ పిడికిలితోనే అవలీలగా చంపుతాడు. తెలుగులో ముష్టికి బిచ్చమనే అర్థం పిడికెడు గింజల నుంచి వచ్చింది.

మన పత్రికల తీరు మాత్రం నాకు బాధ కలిగిస్తుంది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేతగా నిలిచినా 'పంచ్‌ల వర్షం' అనే రాస్తారేమిటి? పల్లెలో పిల్లవాడికి కూడా తెలిసిన పిడిగుద్దు ఏమైంది?

'ముష్టిరక్షణ' వ్యాకరణరీత్యా దోషం కాదు. అయితే దానిని ముష్టిచేత రక్షణ అని విప్పుకోవచ్చు, ముష్టికి రక్షణ అనీ విప్పుకోవచ్చు. పైగా నేటి చెవికి ముందు వినిపించేది బిచ్చమే. 'కాపు' మంచి మాటే కాని 'చేతులు కాపు పెట్టు' అంటే కాపడం అనుకుంటారు. డాలు ఒడ్డడం, ప్రాణాలు ఒడ్డడం తెలిసిన భాష కనుక 'చేతులు ఒడ్డి నిలువు' అనడం నాకు ఇష్టం. బరిలో ఉన్న పిల్లకు తక్షణం అర్థమయ్యేది గార్డే అయితే, దానిని మార్చమని గట్టిగా చెప్పలేను. 'పిడికిళ్లు బిగించి' అనడం మాత్రం మానుకోండి. 'గుప్పిట మూసి, చేతులు ఒడ్డు' అని చెప్పి చూడండి.