నత్తను తినకుండానే జలగ ఎలా పట్టింది?

ప్రశ్న: మా గొర్రెలకు దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతోంది. కార్జపు జలగలట, నత్తల వల్ల వస్తాయట. గొర్రె నత్తను తినదు కదా! మడుగులోని నత్తలన్నీ ఏరేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: గొర్రె నత్తను తినదు, తినాల్సిన పనీ లేదు. జలగ గుడ్లు పైత్యరసంతో పేగుల్లోకి జారి పెంటికల్లో బయటపడతాయి. నీళ్లు తగిలితేనే అవి పిల్లలవుతాయి. కంటికి కనిపించని ఆ పిల్లకు ఆయుష్షు సుమారు ఒక్క రోజు. ఆలోపు తగిన నత్త దొరికిందా, దాని ఒంట్లో దూరి ఒకటి కాస్తా వందలవుతుంది. కొన్ని వారాలకు అవి తోకలతో ఈదుకుంటూ వచ్చి, గడ్డిపరకను అంటుకుని, తోక వదిలేసి, చుట్టూ గట్టి పొర కట్టుకుంటాయి. మీ గొర్రె మేసింది ఆ గడ్డిని! ఈ గుట్టును 1880ల ఆరంభంలో ఇంగ్లండ్‌లో ఆల్జర్నాన్ థామస్, జర్మనీలో రుడాల్ఫ్ లూకార్ట్ ఎవరికి వారే ఛేదించారు.

అన్ని నత్తలనూ అనుమానించకండి. ఖాళీ గుల్లను మొన పైకి, నోరు మీ వైపుకు ఉండేలా పట్టుకుని చూడండి. నోరు కుడివైపున ఉండి, మూత లేకపోతే అది కార్జపు జలగను మోసే లిమ్నియా జాతిది కావచ్చు. ఎడమవైపున ఉంటే కాదు. బిళ్లలా చుట్ట చుట్టుకున్నదీ కాదు, అది పొట్ట జలగలను మోస్తుందనుకోండి, ఆ సంగతి వేరు.

ఏరివేత మాత్రం వృథా శ్రమ. చిన్నవి చేతికి చిక్కవు, మడుగు ఎండితే బురదలో దాక్కుంటాయి. మైలుతుత్తం చల్లమని ఎవరైనా చెబితే వినకండి. చేపలు చస్తాయి, పైగా రాగి విషం గొర్రెలకు మరీ ప్రమాదం. మడుగు అంచుకు కంచె వేసి, నీళ్లు తొట్టిలో పెట్టండి.

దవడ వాపు పొట్ట పురుగుల వల్లా వస్తుంది కాబట్టి ముందు పెంటికలు పరీక్ష చేయించండి. జలగ గుడ్లు పెట్టే దశకు రావడానికి 10–12 వారాలు పడుతుంది. అప్పటిదాకా కాలేయాన్ని తొలిచేస్తున్నా పరీక్షలో ఏమీ కనిపించదు. చాలా మందులు పెద్ద జలగలనే చంపుతాయి. ట్రైక్లాబెండజోల్ పిల్ల జలగలనూ చంపుతుంది, అయితే కొన్ని గొర్రెల మందల్లో జలగలు దానికీ లొంగడం లేదు. మోతాదు మీ పశువైద్యుడే నిర్ణయించాలి. మందు వేసిన రెండు మూడు వారాలకు మళ్లీ పెంటికలు పంపడం మరవకండి.