కాప్రి దీవిలో ఒక రోజు: ఏజెంటు అడిగిన 62,000 ఇవ్వవచ్చా?

ప్రశ్న: మేము విశాఖపట్నంలో ఉంటాం. వచ్చే మే నెలాఖరున నేను, మావారు, తొమ్మిదేళ్ల మా పాప, మోకాళ్ల నొప్పులున్న 66 ఏళ్ల మా అత్తగారు ఇటలీ వెళ్లాలనుకుంటున్నాం. యాత్ర కోసం 7 లక్షలు విడిగా దాచుకున్నాం. రోమ్ తర్వాత నేపుల్స్‌లో రెండు రాత్రులు ఉంటాం. అక్కడి నుంచి కాప్రి దీవికి ఒక రోజు వెళ్లి రావాలని పాప కోరిక. మా బడ్జెట్‌లో ఈ ఖర్చు లేదు. ట్రావెల్ ఏజెంటు నలుగురికీ కలిపి 62,000 అంటున్నారు. హోటలు నుంచి రేవుకు కారు, పడవ టికెట్లు, దీవిలో ప్రయాణం, గైడ్ అందులో ఉంటాయట. భోజనం, అక్కడి నీలి గుహ అనే సముద్ర గుహ టికెట్లు మాత్రం మేమే పెట్టుకోవాలట. పాప పై చదువుల కోసం నెలకు 20,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే పెట్టుబడి) కడుతున్నాం. దాన్ని మూడు నెలలు ఆపి ఈ డబ్బు సర్దాలా, లేక క్రెడిట్ కార్డు మీద కట్టి ఈఎంఐగా మార్చుకోవాలా?

జవాబు: రెండూ వద్దు. కాప్రి ప్రయాణం మానుకోవాల్సిన అవసరం కూడా లేదు. మీకు ఇంకా ఎనిమిది నెలల సమయం ఉంది. ఈ ఒక్క రోజుకు నిజంగా ఎంత అవుతుందో ముందు తేల్చుకుంటే, ఆ మొత్తాన్ని నెలనెలా పక్కన పెట్టుకోవడం మీ ఆదాయానికి భారం కాదు.

సిప్ సంగతి ముందుగా చెబుతాను. మూడు నెలల సిప్ అంటే 60,000. పాపకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి, అంటే మరో తొమ్మిదేళ్లకు, ఏటా 10 శాతం రాబడి వస్తుందని అనుకుంటే అది సుమారు 1,41,000 అవుతుంది. ఆ రాబడికి హామీ లేదు. అయినా ఏదో ఒక లక్ష్యం కోసం కడుతున్న డబ్బును విహారానికి మళ్లించడం ఒకసారి మొదలైతే, తర్వాతి ప్రతి సెలవుకీ కుటుంబాలు అదే దారి చూసుకోవడం నేను తరచుగా గమనిస్తుంటాను. ఇక కార్డు ఈఎంఐ. 62,000 మీద 15 శాతం వడ్డీతో పన్నెండు నెలలకు మార్చుకుంటే వడ్డీయే 5,000 దాటుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, పైన ప్రాసెసింగ్ ఫీజు కూడా ఉంటాయి. వాయిదాలు నడుస్తున్న ఆ ఏడాదంతా పాప స్కూలు ఫీజు కట్టే నెలలో మీ చేయి బిగుసుకుంటుంది.

ఇప్పుడు అసలు ఖర్చు చూద్దాం. లెక్క సులువుగా ఉండటానికి యూరోను 100 రూపాయలుగా తీసుకుంటున్నాను. బ్యాంకు మీకిచ్చే రేటు అంతకన్నా ఎక్కువే ఉంటుంది కాబట్టి చివర్లో 10 శాతం కలుపుతాను. నేపుల్స్‌లోని మోలో బెవెరెల్లో రేవు నుంచి వేగంగా వెళ్లే హైడ్రోఫాయిల్ పడవలు సుమారు 50 నిమిషాల్లో కాప్రి చేరతాయి. టికెట్ ఒక వైపుకు మనిషికి 20 నుంచి 30 యూరోల మధ్య ఉంటుంది. 25 అనుకుంటే నలుగురికి రానుపోను 200 యూరోలు. దీవిలో అడుగుపెట్టేవారి నుంచి అక్కడి పురపాలక సంఘం వసూలు చేసే రుసుము 2024 నుంచి ఏప్రిల్–అక్టోబరు మధ్య 5 యూరోలైంది. అది పడవ టికెట్‌తోపాటే తీసుకుంటారు కాబట్టి విడిగా వేయడం లేదు. రేవు నుంచి పైనున్న ఊరికి తీసుకెళ్లే ఫ్యునికులర్ రైలుకు, అక్కడి నుంచి దీవిలోని మరో ఊరు అనకాప్రి వెళ్లే చిన్న బస్సుకు ఒక్కో ప్రయాణానికి రెండున్నర యూరోల వరకు అవుతుంది. ఒక్కొక్కరికి నాలుగు ప్రయాణాలు వేసుకుంటే నలుగురికి 40. నేపుల్స్‌లో హోటలు నుంచి రేవుకు ట్యాక్సీ రానుపోను 50. మొత్తం 290 యూరోలు, అంటే 29,000 రూపాయలు.

ఏజెంటు 62,000కు ఇస్తానంటున్నది ఇదే. కాబట్టి మిగిలిన 33,000 గైడ్ కోసం, టికెట్లు కొనే శ్రమ తప్పినందుకు మీరు ఇచ్చే వెల. ఏజెంటు లాభం తీసుకోవడం తప్పు కాదు, అది ఆయన వృత్తి. ఊరు కాని ఊరిలో పెద్దావిడను వెంటబెట్టుకుని వెళ్లేవారికి ఆ సేవ విలువైనదే కావచ్చు. అయితే ఆ గైడ్ మీ నలుగురి కోసమేనా, లేక పెద్ద బృందానికి ఒక్కరా అన్నది రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. బృందమైతే మీ అత్తగారు మోకాళ్ల నొప్పితో ఎక్కడ ఆగాలనుకున్నా ఆగే వీలుండదు, అందరితోపాటు నడవాల్సిందే. పైగా భోజనానికి, మంచినీళ్లకు, కాఫీకి మరో 10,000, నీలి గుహకు నలుగురికీ కలిపి 16,000 దాకా చేరితే ఆ రోజు ఖర్చు 88,000కు వెళుతుంది. 62,000 అన్న అంకెను చూసి నిర్ణయం తీసుకుంటే మోసపోయేది ఇక్కడే.

నీలి గుహ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కాప్రిలో ఎక్కువ మంది డబ్బు, సమయం రెండూ ఖర్చయ్యేది అక్కడే. గుహ ముఖద్వారం నీటి మట్టానికి మీటరు ఎత్తే ఉంటుంది. పెద్ద పడవ లోపలికి పోదు. గుహ బయట చిన్న తెడ్ల పడవలోకి మారాలి. అందులో వెల్లకిలా వాలి పడుకోవాలి. అల తగ్గిన క్షణం చూసి పడవవాడు రాతికి కట్టిన గొలుసు పట్టుకుని లోపలికి లాగుతాడు. లోపల ఉండేది కొద్ది నిమిషాలే. ఆ నీలం వెలుగు నిజంగా అద్భుతమైనదే, కాదనను. కానీ గుహ రుసుము, తెడ్ల పడవ కలిపి మనిషికి 18 యూరోలు, రేవు నుంచి గుహ దాకా తెచ్చే పడవకు ఇంచుమించు మరో అంత. బయట నీటి మీద ఎండలో వరుస కోసం గంటో గంటన్నరో వేచి ఉండాల్సి రావచ్చు. సముద్రంలో అలలు కాస్త పెరిగినా ఆ రోజుకు గుహ మూసేస్తారు. మోకాళ్ల నొప్పులున్న 66 ఏళ్ల మనిషిని ఊగే పడవలోంచి ఊగే పడవలోకి దింపి పడుకోబెట్టడం నాకు సమ్మతం కాదు.

దాని బదులు రేవు నుంచి బయలుదేరి దీవి చుట్టూ తిప్పి తెచ్చే పడవ ఎక్కండి. మనిషికి 20 నుంచి 25 యూరోలు, సుమారు గంట ప్రయాణం. సముద్రంలోంచి నిటారుగా లేచిన ఫరాలియోని శిలల్ని పాప దగ్గరగా చూస్తుంది, మీ అత్తగారు కూర్చున్న చోటనే అన్నీ చూస్తారు. నలుగురికి 90 యూరోలు వేసుకోండి. అనకాప్రి నుంచి 589 మీటర్ల ఎత్తున్న మోంటె సొలారో శిఖరానికి చైర్‌లిఫ్ట్ ఉంది, రానుపోను 14 యూరోల ప్రాంతంలో. అవి ఒక్కొక్కరే కూర్చునే కుర్చీలు. తొమ్మిదేళ్ల పాప పదమూడు నిమిషాలు గాలిలో ఒంటరిగా కూర్చోగలదా అన్నది మీకే తెలియాలి. పడవ, చైర్‌లిఫ్ట్, రెండింట్లో ఒకటే పెట్టుకోండి. రెండూ అంటే డబ్బుకన్నా ముందు రోజు సరిపోదు.

భోజనం విషయంలో మెనూ కార్డులో వంటకం ధర ఒక్కటే చూడకండి. బిల్లులో కొపెర్తో అనే పద్దు ఉంటుంది. అది బల్ల దగ్గర కూర్చున్నందుకు తలకు ఇన్ని యూరోలని వేసే రుసుము, మెనూలో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. కాఫీ కూడా కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే మరో ధర. పియాజెట్టా అని పిలిచే నడి చౌరస్తాలో కూర్చుంటే ఆ తేడా బాగా కనిపిస్తుంది. శాకాహారులైనా ఇబ్బంది లేదు. టమాటా, మొజరెల్లా, తులసిని పోలిన బాసిల్ ఆకుతో చేసే కాప్రేసె సలాడ్ ఈ దీవి పేరు మీదే ప్రసిద్ధమైంది. జున్ను కూరిన రావియోలి కూడా దొరుకుతుంది. చౌరస్తాకు దూరంగా సాదా భోజనం చేస్తే నలుగురికీ 80 యూరోలు చాలు, నీళ్లకూ కాఫీకీ 20.

ఇప్పుడు కూడితే 290, 90, 100, మొత్తం 480 యూరోలు, అంటే 48,000 రూపాయలు. దానికి 10 శాతం కలిపితే 53,000 లోపు. ఈ నెల నుంచే నెలకు 7,000 చొప్పున ఎనిమిది నెలల రికరింగ్ డిపాజిట్ తెరవండి. అసలే 56,000 అవుతుంది. ఇంటి ఖర్చుల్లో ఆ 7,000 తీయడం కష్టమైతే, 7 లక్షల్లో షాపింగ్‌కు ఎంత పెట్టుకున్నారో చూసి అక్కడ సగం తగ్గించండి. సిప్ జోలికి మాత్రం వెళ్లకండి.

ఈ 53,000ను గంటల లెక్కన చూడమని కూడా కోరుతున్నాను. పొద్దున్నే వెళ్లి సాయంత్రం తిరిగొస్తే దీవి మీద మీకు దక్కేది ఎనిమిది గంటలు. గంటకు సుమారు 6,600. కాప్రి విస్తీర్ణం పది చదరపు కిలోమీటర్లకు కాస్త పైన, స్థానిక జనాభా 15,000 లోపు. రద్దీ రోజుల్లో ఇంచుమించు అంతమందీ పడవల్లో వచ్చి దిగుతారు. పది గంటల తర్వాత దిగినవారు ఫ్యునికులర్ వరుసలోనే చాలాసేపు నిలబడతారు. అక్కడ పోయిన గంటకు మీరు కట్టిన వెల ఎవరూ తిరిగివ్వరు. అందుకే ఉదయం మొదటి పడవల్లో ఒకటి పట్టుకోండి, శని ఆదివారాలు వదిలేయండి. జూన్ 2 ఇటలీ గణతంత్ర దినోత్సవం కాబట్టి మే నెలాఖరు తేదీలు దానికి ఆనుకుని వారాంతంతో కలిసే పక్షంలో ఒకటి రెండు రోజులు ముందే వెళ్లిరండి. రేవులో వరుస మరీ పొడవుగా కనిపిస్తే 20 యూరోలకు పైన ఇచ్చి పైకప్పు లేని ట్యాక్సీలో పైకి వెళ్లడం మీ అత్తగారి కోసం దండగ ఖర్చు కాదు. కలిపిన 10 శాతం ఇలాంటి చోట వాడుకోవడానికే.

వెళ్లలేని పరిస్థితి వస్తే ఏమిటన్నది కూడా ఇప్పుడే ఆలోచించాలి. 2024 జూన్ 22న ప్రధాన భూభాగం నుంచి దీవికి వచ్చే నీటి సరఫరా దెబ్బతినడంతో పర్యాటకులను దిగనివ్వవద్దని మేయర్ ఆదేశించారు. పడవల్లో బయలుదేరినవారు సైతం వెనుదిరగాల్సి వచ్చింది. ఆ రోజు గడవకముందే ఆదేశం ఎత్తేశారు కానీ ఒక్క రోజే చేతిలో ఉన్నవారికి ఆ రోజు పోయినట్టే. అంతకన్నా తరచుగా వచ్చేది గాలి. గాలి పెరిగితే హైడ్రోఫాయిళ్లు ముందుగా ఆగిపోతాయి. అప్పుడు కలాతా పోర్తా ది మాస్సా రేవు నుంచి నడిచే పెద్ద, నెమ్మదైన ఫెర్రీలు ఒక్కోసారి దారి చూపుతాయి. కనుక నేపుల్స్ చేరిన మరునాడే కాప్రి పెట్టుకోండి, విమానం ఎక్కే ముందు రోజుకు ఎప్పుడూ పెట్టుకోవద్దు. వీలుంటే నేపుల్స్‌లో మరో రాత్రి కలపండి, కాప్రి కుదరని రోజున ప్రాచీన రోమన్ నగరం పాంపేయి చూడవచ్చు. తిరుగు టికెట్‌ను వెళ్లే టికెట్‌తోపాటే కొనండి, చివరి పడవకు కాక దానికి ముందున్న దానికి. సీజన్‌లో ఆ దీవిలో రాత్రి గది అంటే వందల యూరోల మాట. ఆ అవసరం కోసం 30,000 విలువైన యూరోలు ఫారెక్స్ కార్డులో (విదేశీ కరెన్సీ ముందుగా నింపుకునే కార్డు) కదపకుండా ఉంచండి. అది ఖర్చు కాదు, వాడకపోతే తిరిగొచ్చాక రూపాయల్లోకి మార్చుకోవచ్చు.

చెల్లింపులకు యూరోలు నింపిన ఫారెక్స్ కార్డు వాడండి. మామూలు క్రెడిట్ కార్డు అయితే చాలా బ్యాంకులు 3.5 శాతం దాకా మార్కప్ అనే అదనపు రుసుము, దాని మీద జీఎస్టీ వేస్తాయి. దుకాణంలో మిషను మీద రూపాయల్లో కట్టమంటారా, యూరోల్లోనా అని అడిగితే ప్రతిసారీ యూరోలే ఎంచుకోండి. రూపాయలు ఎంచుకుంటే వాళ్లు వేసే రేటు మీకు నష్టం. చిల్లర నోట్లలో ఓ 100 యూరోల నగదు దగ్గర ఉంచుకోండి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక్కొక్కరు విదేశాలకు పంపే సొమ్ము, ఫారెక్స్ కార్డులో నింపేది కలిపి 10 లక్షలు దాటకపోతే దాని మీద టీసీఎస్ (డబ్బు తీసుకునేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) ఉండదు. ఏజెంటు దగ్గర హోటలు, ప్రయాణం కలిపి విదేశీ ప్యాకేజీగా కొంటే మాత్రం టీసీఎస్ వసూలు చేస్తారు. బడ్జెట్లలో ఆ రేటు మారుతూ వస్తోంది కనుక బిల్లులో ఎంత వేశారో చూసుకోండి. అది మీ పాన్ మీద జమయ్యే పన్ను, రిటర్ను వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు, ఖర్చు కింద రాయకండి.

ఇంత చెప్పాక కూడా 53,000 ఎక్కువని అనిపిస్తే ప్రోచిదా ఉంది. అదే నేపుల్స్ రేవుల నుంచి పడవలు వెళ్తాయి. కాప్రిలో సగం కూడా లేని దీవి, 2022 సంవత్సరానికి ఇటలీ సాంస్కృతిక రాజధానిగా ఎంపికైంది. కొరిచెల్లా అనే జాలర్ల రేవులో రంగురంగుల ఇళ్లు నీటి అంచు దాకా వరుసగా ఉంటాయి. అక్కడ గుహ టికెట్లు, చైర్‌లిఫ్టులు లేవు కాబట్టి ఖర్చు తక్కువే. పాపకు కావలసింది నీలి సముద్రం మధ్య ఒక దీవే అయితే, నా ఓటు దానికే. కాప్రి అన్న పేరే కావాలంటే అదీ న్యాయమైన కోరికే, పై లెక్క ప్రకారం వెళ్లండి.

వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. పెద్దలకు 90 యూరోలు, పాపకు 45, సేవా రుసుము అదనం. దానికి కావలసిన 30,000 యూరోల వైద్య బీమా తీసుకునేటప్పుడు మీ అత్తగారి బీపీ, షుగర్ వంటివి ఏమున్నా దాచకుండా రాయించండి, లేకపోతే క్లెయిమ్ రోజున ఆ పాలసీ అక్కరకు రాదు. వీసాలు చేతికి అందేవరకు రద్దుకు వీలులేని టికెట్లు ఏవీ కొనకండి, ఏజెంటు అడ్వాన్సు అడిగినా సరే.