పిల్లలు కప్ప కావాలంటున్నారా? ముందు గాజుపెట్టె, తర్వాతే కప్ప

అమెరికా వచ్చిన ఏడాది రెండేళ్లలో చాలా తెలుగు ఇళ్లలో ఈ మాట వస్తుంది. పిల్లలు కుక్క అడుగుతారు, అపార్ట్‌మెంట్‌లో కుదరదంటారు పెద్దలు, చివరికి బేరం కప్ప దగ్గర తెగుతుంది. కప్ప కుక్క కంటే చిన్నదే, కానీ సులువైనదని మాత్రం అనుకోకండి. కప్ప నీళ్లు నోటితో తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. గాలి కూడా కొంత చర్మం ద్వారానే లోపలికి వెళ్తుంది. అంటే మీ కుళాయి నీళ్లలో, ఇంటి గాలిలో, మీ చేతికి అంటినదాంట్లో ఏముంటే అది దాని ఒంట్లోకి చేరుతుంది. అందుకే ఏ కప్ప బాగుంటుంది అన్న ప్రశ్న కంటే మీ ఇల్లు కప్పకు పనికొస్తుందా అన్నదే ముందు తేల్చుకోవాలి.

లీజుతో మొదలుపెట్టండి. మాకు కుక్కా పిల్లీ లేవు, పెట్ క్లాజుతో పనేంటి అనుకోవద్దు. అక్వేరియం ఎన్ని గ్యాలన్లు దాటకూడదో చాలా లీజుల్లో రాసి ఉంటుంది. లోపల నీళ్లు లేకపోయినా మీ గాజుపెట్టెను లీజింగ్ ఆఫీసు ఆ లెక్కలోనే వేయొచ్చు. నోటిమాట మీద ఆగకుండా ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. తర్వాత రాష్ట్రం. ఆఫ్రికన్ క్లాడ్ ఫ్రాగ్‌ను కాలిఫోర్నియాలో పర్మిట్ లేకుండా ఉంచుకోవడం నేరం. న్యూజెర్సీలో ఎగ్జాటిక్ జంతువులకు ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ విభాగం పర్మిట్ పద్ధతి ఉంది, మీరు అనుకున్న జాతి మినహాయింపు జాబితాలో ఉందో లేదో కొనకముందే చూసుకోవాలి. హవాయిలో రూల్స్ ఇంకా కఠినం.

మూడోది ఇంట్లోవాళ్లతో తేల్చుకోవాల్సింది. పెంపకానికి దొరికే కప్పల్లో శాకాహారి లేదు. బతికున్న కీచురాళ్లను డబ్బాలో ఇంట్లో ఉంచుకోవాలి, వాటికీ తిండి పెట్టాలి, ఒకటో రెండో తప్పించుకుని సోఫా కింద అరుస్తాయి. ఇది ఇంట్లో ఒక్కరికైనా బాధ అనిపిస్తే కప్ప ఆలోచన మానేయడమే మేలు. ఐదేళ్లలోపు పిల్లలున్నా, ఇండియా నుంచి వచ్చి ఉంటున్న పెద్దవాళ్లకు 65 దాటినా, ఎవరికైనా రోగనిరోధక శక్తి తక్కువున్నా అలాంటి ఇళ్లలో కప్పలు వద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. కారణం సాల్మొనెల్లా, కప్పల నుంచి మనకు అంటి విరేచనాలు, జ్వరం తెచ్చే బాక్టీరియా. 2008 నుంచి 2011 దాకా అమెరికాలో సాగిన ఒక సాల్మొనెల్లా వ్యాప్తికి మూలం చిన్న గాజుతొట్టెల్లో అమ్మే ఆఫ్రికన్ డ్వార్ఫ్ ఫ్రాగ్ అని తేలింది. జబ్బుపడినవాళ్లలో ఎక్కువమంది చిన్నపిల్లలే.

ఇవన్నీ దాటితే అప్పుడు జాతి. మొదటిసారి పెంచేవాళ్లకు నా ఓటు వైట్స్ ట్రీ ఫ్రాగ్‌కే. షాపుల్లో డంపీ అని కూడా రాస్తారు. ఆస్ట్రేలియా, న్యూగినీ దీని సొంత ప్రాంతాలు. మూడు నుంచి నాలుగున్నర అంగుళాలు పెరుగుతుంది, బెదురు తక్కువ, తేమ కాస్త అటూఇటూ అయినా మిగతా కప్పలంత త్వరగా దెబ్బతినదు. రెండు విషయాలు మాత్రం ముందే తెలియాలి. ఇది 15 ఏళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ బతుకుతుంది, గ్రీన్ కార్డు క్యూతో పోటీ పడగలదు. రెండోది, మగకప్ప రాత్రిళ్లు గట్టిగా అరుస్తుంది. పిల్లకప్పను చూసి ఆడా మగా చెప్పలేం కాబట్టి పడకగదిలో, పక్కింటి గోడకు ఆనించి పెట్టకండి.

ప్యాక్‌మ్యాన్ ఫ్రాగ్ రెండో స్థానంలో ఉంటుంది. 10 గ్యాలన్ల పెట్టె చాలు, రోజంతా మట్టిలో కూరుకుని కూర్చుంటుంది. పిల్లలకు వారంలో విసుగొస్తుంది, పైగా వేలు చూపిస్తే తిండి అనుకుని కరుస్తుంది. ఒక పెట్టెలో ఒకటే ఉండాలి, రెండో కప్పను మింగేస్తుంది. ఫైర్ బెల్లీడ్ టోడ్ పగలు చురుగ్గా తిరుగుతుంది, ముద్దొస్తుంది, కానీ దానికి 65 నుంచి 75 డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లదనం కావాలి, చర్మం నుంచి మంట పుట్టించే ద్రవం ఊరుతుంది. టెక్సాస్‌లో ఏసీ బిల్లు కోసం పగలు 80 దాటనిచ్చే ఇంట్లో అది నిలవదు. డార్ట్ ఫ్రాగ్‌లు చూడ్డానికి నగల్లా ఉంటాయి. పెంపకంలో పుట్టినవాటికి విషం ఉండదు, ఆ విషం అడవిలో తినే చీమలు, పురుగుల నుంచి వచ్చేది. అయితే వాటికి రెక్కల్లేని ఫ్రూట్ ఫ్లైలను ఇంట్లోనే పెంచుతూ ఉండాలి. మొదటి కప్పకు అది వద్దు.

ఇక పెట్టె సంగతి. చెట్టుకప్పకు ఎత్తు కావాలి. 18 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 24 ఎత్తు, ముందువైపు తలుపులు తెరుచుకునేది, పైన జాలీ మూత ఉన్నది తీసుకోండి. ఒకటి రెండు కప్పలకు సరిపోతుంది. పైనుంచి చేయి పెట్టే అక్వేరియం చవకగా దొరుకుతుంది కానీ, పైనుంచి దిగే చేయి కప్పకు గద్దలాగే కనిపిస్తుంది. పెట్టెతో పాటు వచ్చే ఫోమ్ గోడ వెనక సందు ఉంటే కీచురాళ్లన్నీ అక్కడికే చేరతాయి. అక్వేరియం సిలికాన్‌తో సందు మూసి, వాసన పూర్తిగా పోయేదాకా ఆగండి. బాత్రూమ్ సిలికాన్ వాడకూడదు, అందులో బూజు మందు కలుపుతారు.

ఎక్కడ పెడతారన్నది మన ఇళ్లలో పెద్ద ప్రశ్న. వంటగది పక్కన తాలింపు ఘాటు, పూజ మూల పక్కన అగరుబత్తి, సాంబ్రాణి, కర్పూరం. ఏ పొగా కప్పకు పడదు. ప్లగ్‌లో పెట్టే సెంటు, రూమ్ స్ప్రే, బొద్దింకల మందు కూడా అంతే. అపార్ట్‌మెంట్ వాళ్లు పురుగుల మందు కొట్టడానికి వచ్చే రోజు ముందే కనుక్కుని ఆ గదిని వదిలేయమనండి. కిటికీ ఎండ నేరుగా పడితే గాజుపెట్టె లోపల గంటలో ఉడికిపోతుంది. హాల్లో, కిటికీకి దూరంగా, కదలని బల్ల మీద పెట్టడం ఉత్తమం.

కప్ప వచ్చిన మొదటి నెల మట్టి వేయకండి. అడుగున రంగు, వాసన లేని పేపర్ టవల్స్ తడిపి పరచండి, రెండు మూడు రోజులకోసారి మార్చండి. కప్ప మలం కనిపిస్తుంది, తిన్నదా లేదా తెలుస్తుంది, వెట్ దగ్గర పరీక్షకు నమూనా తీయడం తేలిక. మణికట్టంత లావున్న కార్క్ కొమ్మలు రెండు ఏటవాలుగా, జారకుండా బిగించండి. దాక్కోవడానికి ఆకులు కావాలి. దానికి మన మనీ ప్లాంట్‌ను మించింది లేదు, కప్ప బరువు మోస్తుంది, తక్కువ వెలుగులోనూ బతుకుతుంది. నర్సరీ నుంచి తెచ్చిన కుండీ మాత్రం అలాగే దించకండి. మట్టంతా దులిపి, వేళ్లూ ఆకులూ బాగా కడిగి, ఎరువులేని మట్టిలో నాటి కొన్ని వారాలు బయట ఉంచాకే లోపల పెట్టాలి.

నెల తర్వాత పక్కా అమరిక. అడుగున అంగుళంన్నర మేర కాల్చిన మట్టిగుళికలు, ఈ పెట్టెకు దాదాపు 8 లీటర్లు పడతాయి. వాటి మీద ఫైబర్‌గ్లాస్ జాలీ. ఆపైన మూడు అంగుళాలు కోకోపీట్, అంటే 16 లీటర్లు. పెట్ షాపుల్లో దొరికే 650 గ్రాముల ఇటుక నానితే 7, 8 లీటర్లు అవుతుంది, రెండు కొంటే సరి. తోటపని సెక్షన్‌లో దొరికే కోకోపీట్‌లో ఎరువు కలిసి ఉండొచ్చు, ప్యాకెట్ చదవకుండా తీసుకోకండి. నానబెట్టాక పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార కట్టకూడదు. స్ప్రింగ్‌టెయిల్స్ అనే బూజు తినే చిన్న పురుగులు ఒక డబ్బా తెచ్చి వేస్తే బూజు సంగతి అవే చూసుకుంటాయి. గులకరాళ్లు మాత్రం వేయకండి. కీచురాయి మీద దూకినప్పుడు రాయి కూడా మింగి పేగు మూసుకుపోతుంది. కప్ప నోట్లో పట్టే సైజు వస్తువేదీ అడుగున ఉండకూడదు.

వేడి పగలు 75 నుంచి 82 డిగ్రీల ఫారెన్‌హీట్, రాత్రి 70 దాకా తగ్గొచ్చు. చలి రాష్ట్రాల్లో జాలీ మూత మీద తక్కువ వాట్ల సిరామిక్ హీటర్ కావాలి, అది తప్పనిసరిగా థర్మోస్టాట్ మీదే నడవాలి. కప్పను వేడిరాయి మీద కూర్చోబెట్టే పరికరాలు కొనకండి, పొట్ట కాలుతుంది. అడుగున అతికించే హీట్ మ్యాట్ కూడా అంతే ప్రమాదం, వేడెక్కిన కప్ప చల్లదనం కోసం కిందికే వెళ్తుంది. వెలుగు 12 గంటలు, టైమర్ మీద. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లాంటివి ఇచ్చే తక్కువ శక్తి యూవీబీ ట్యూబ్ జాలీ మీద పెట్టండి, గాజు మీంచి యూవీబీ రాదు. వెలుగుతున్నా యూవీబీ తగ్గిపోతుంది కాబట్టి ఏడాదికోసారి ట్యూబ్ మార్చాలి.

తేమ 50 నుంచి 70 శాతం. చికాగో, న్యూజెర్సీ చలికాలంలో హీటర్ వేస్తే ఇంట్లో తేమ 30 లోపుకి పడిపోతుంది. జాలీలో సగాన్ని ప్లాస్టిక్ షీటుతో మూసి, పొద్దున కొద్దిగా, సాయంత్రం గట్టిగా నీళ్లు స్ప్రే చేయండి. మర్నాటికి గాజు ఆరాలి. ఇరవై నాలుగ్గంటలూ తడిగా ఉంటే ఈ కప్పకు చర్మం మీద బాక్టీరియా పడుతుంది. తొడల లోపల ఎర్రబడితే అదే మొదటి గుర్తు.

నీళ్ల దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. ఊళ్లో బకెట్ నీళ్లు రాత్రంతా ఉంచితే క్లోరిన్ పోతుందని మనకు అలవాటు. ఇక్కడ చాలా నగరాలు క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్లోరమిన్ కలుపుతాయి, అది అలా పోదు. అక్వేరియం వాటర్ కండిషనర్ వాడాలి. సీకెం ప్రైమ్ అయితే గ్యాలన్‌కు రెండు చుక్కలు చాలు. వంటగదిలో ఆర్‌ఓ నీళ్లున్నాయి కదా అని వాటితో గిన్నె నింపకండి, లవణాలు లేని నీళ్లలో నానితే కప్ప ఒంట్లో లవణాలు బయటికి పోతాయి. స్ప్రేకు మాత్రం అవి బాగుంటాయి, గాజు మీద తెల్లమచ్చలు పడవు. గిన్నె వెడల్పుగా, నీళ్లు కూర్చున్న కప్ప గడ్డం దాటకుండా ఉండాలి. రోజూ మార్చాలి, ఎందుకంటే కప్ప అందులోనే మలవిసర్జన చేస్తుంది. ఆ గిన్నెను కిచెన్ సింకులో కడగవద్దు, నీళ్లు టాయిలెట్‌లో పోయండి.

కప్ప లేకుండానే ఇదంతా రెండు వారాలు నడపండి. పొద్దున్నా, మధ్యాహ్నం, రాత్రి డిజిటల్ మీటర్ చూసి రాసుకోండి. వారంపాటు అంకెలు హద్దులో నిలిచాకే కొనడానికి బయలుదేరండి. కప్పను, పెట్టెను ఒకే రోజు తెచ్చిన ఇళ్లలో హడావిడిగా సర్దుతున్నంతసేపూ కప్ప చిన్న ప్లాస్టిక్ డబ్బాలోనే మగ్గుతుంది.

కొనేటప్పుడు పెంపకంలో పుట్టిందేనా అని అడగండి. అడవిలో పట్టినవి పురుగుల జబ్బులతో వస్తాయి. డాలస్ దగ్గర ఆర్లింగ్టన్‌లోనూ, చికాగో దగ్గర టిన్లీ పార్క్‌లోనూ జరిగే ఎన్‌ఏఆర్‌బీసీ అనే సరీసృపాలు, కప్పల ఎక్స్‌పోలలో పెంపకందారులే నేరుగా అమ్ముతారు. అంగుళంన్నర కంటే చిన్నది వద్దు, ధర తక్కువే కానీ నిలబెట్టడం కష్టం. నడుం ఎముకలు పొడుచుకు రాకూడదు, కళ్లు తేటగా ఉండాలి, ముక్కు గాజుకు రుద్దుకుని పుండు పడి ఉండకూడదు. మీ ముందు ఒక పురుగు వేయమనండి. పగలు నిద్రపోతుంది కాబట్టి సాయంత్రం వెళ్లడం మంచిది.

తిండి విషయంలో కొలత ఒకటే. పురుగు వెడల్పు కప్ప రెండు కళ్ల మధ్య దూరం మించకూడదు. రెండు అంగుళాల్లోపు కప్పకు రోజూ, పెద్దదానికి రెండు మూడు రోజులకోసారి నాలుగైదు కీచురాళ్లు. వాటికి ముందురోజే క్యారెట్, ఆకుకూర తినిపించి, విటమిన్ డీ3 ఉన్న కాల్షియం పొడిలో దొర్లించి వేయాలి. మల్టీవిటమిన్ పొడి వారానికోసారి. కాల్షియం తప్పితే దవడ మెత్తబడి, కాలివేళ్లు వణుకుతాయి. ఆ దశకు వస్తే వెనక్కి తేవడం కష్టం. దూబియా బొద్దింకలు అరవవు, గాజు ఎక్కవు, కీచురాళ్ల కంటే నయం. ఫ్లోరిడాలో మాత్రం అవి నిషిద్ధం. తినకుండా మిగిలిన కీచురాళ్లను పడుకునేముందు ఏరేయండి, రాత్రి కప్పనే కొరుకుతాయి. ఈ జాతి పెట్టినంతా తింటుంది, అదే దాని జబ్బు. చెవుల పైనుంచి కళ్ల మీదికి మడత వాలుతోందంటే తిండి తగ్గించే వేళయింది. ఎలుక పిల్లలు తినిపించడం అసలు అక్కర్లేదు.

పట్టుకోవడం ఎంత తక్కువైతే అంత మంచిది. తప్పనప్పుడు ముందు చేతులు సబ్బుతో కడిగి, నురగ ఆనవాలు లేకుండా మళ్లీ మళ్లీ కడిగి, తడిచేత్తోనే పట్టుకోవాలి. కారం కలిపిన చేయి, లోషన్, శానిటైజర్ ప్రమాదం. తర్వాత మళ్లీ సబ్బుతో కడుక్కోవాలి, ఈసారి మీ కోసం.

కుక్కల డాక్టర్లు అందరూ కప్పను చూడరు. ఏఆర్‌ఏవీ అనే సరీసృప, ఉభయచర వెటర్నరీ సంఘం సైట్‌లో మీ ఊరికి దగ్గరి డాక్టర్ పేరు వెతికి, కప్ప రాకముందే ఫోన్ చేసి ఉంచుకోండి.

నాలుగు వారాలు ఇండియా వెళ్లేటప్పుడు పెద్ద కప్ప వారందాకా తిండి లేకున్నా తట్టుకుంటుంది, నీళ్లు లేకుంటే తట్టుకోదు. టైమర్ మీద నీళ్లు స్ప్రే చేసే యంత్రం పెట్టినా గిన్నె మార్చడానికి మనిషి కావాలి. కండిషనర్ కలిపిన నీళ్లు గ్యాలన్ డబ్బాల్లో నింపి ఉంచి, కాల్షియం పొడి, పురుగుల సంఖ్య కాగితం మీద రాసి స్నేహితులకు ఇవ్వండి, వెళ్లే ముందు ఒకసారి వాళ్లచేత చేయించండి. శాశ్వతంగా తిరిగి వెళ్లిపోవాల్సి వస్తే కప్పను వెంట తీసుకెళ్లే ఆలోచన వదిలేయండి, దిగుమతి లైసెన్సు, క్వారంటైన్ అన్నీ దాటాలి. కమ్యూనిటీ చెరువులో వదలడం అంతకంటే తప్పు. బయటి కప్పలకు కైట్రిడ్ అనే ప్రాణాంతక చర్మ ఫంగస్ అంటించే దారి అదే, పైగా చట్టవిరుద్ధం. మీ ప్రాంతంలో కప్పలు, పాములు పెంచేవాళ్ల సంఘమైన హెర్పెటాలజికల్ సొసైటీకి రెండు మూడు నెలల ముందే రాస్తే పెట్టెతో సహా తీసుకునేవాళ్లు దొరుకుతారు.