అంతర్జాతీయ ఆరోగ్య ఎమర్జెన్సీని ఎవరు, ఎలా ప్రకటిస్తారు?

ప్రకటించేది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే డబ్ల్యూహెచ్‌ఓ డైరెక్టర్ జనరల్. 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం, తమ దగ్గర పుట్టిన జబ్బు ఆ స్థాయికి వెళ్లొచ్చని తేలిన 24 గంటల్లోపు ఆ దేశం డబ్ల్యూహెచ్‌ఓకి చెప్పాలి. తర్వాత నిపుణుల కమిటీ కూర్చుంటుంది. పరిస్థితి అసాధారణమా, సరిహద్దులు దాటుతుందా, దేశాలన్నీ కలిసి కదలాల్సి వస్తుందా అని చూస్తుంది.

కానీ కమిటీది సలహా మాత్రమే. 2022 జులైలో మంకీపాక్స్ విషయంలో తొమ్మిది మంది వద్దన్నారు, ఆరుగురు సరేనన్నారు. అయినా డైరెక్టర్ జనరల్ టెడ్రోస్ 23న ప్రకటించేశారు! కోవిడ్‌కైతే 2020 జనవరి 22, 23 తేదీల్లో కమిటీ ఎటూ తేల్చలేదు. 30న గానీ ప్రకటన రాలేదు.

లాక్‌డౌన్ అంటారా, అది ఆయా ప్రభుత్వాల నిర్ణయం. డబ్ల్యూహెచ్‌ఓ ఇచ్చేవి తాత్కాలిక సిఫార్సులే. పొడిగించకపోతే మూడు నెలలకి వాటి గడువు తీరిపోతుంది.