పాత జెన్ ఐడిల్‌లో వణుకుతోంది, థర్మోస్టాట్ 82 వెయ్యాలా 88 వెయ్యాలా?

మీ 2001 మారుతీ జెన్ కారు సిగ్నల్ దగ్గర ఆగితే వణుకుతోంది, మైలేజీ పడిపోయింది, విప్పి చూస్తే థర్మోస్టాట్ అసలు లేనే లేదు. మెకానిక్‌ని అడిగితే "తిరుపతి ఎండలకి అదెందుకు సార్, కావాలంటే తక్కువ డిగ్రీలది వేసుకోండి" అన్నారు. ఇదీ మీరు రాసింది. నా జవాబు ముందే చెప్పేస్తాను: మీ ఇంజిన్‌కి కంపెనీ ఇచ్చిన నంబరేదో అదే వెయ్యండి. దానితోనే వణుకంతా పోతుందని మాత్రం అనుకోవద్దు.

నాది చిత్తూరు, పాత మారుతీ ఎస్టీమ్ కారు నడుపుతున్నాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు దాంట్లోనూ థర్మోస్టాట్ లేదు, ముందు ఓనరు తీయించేశాడట. మన వైపు పాత బళ్లలో ఇది మామూలే. కొండెక్కుతూ ఒకసారి బండి వేడెక్కితే చాలు, నేరం ఎవరిదైనా శిక్ష థర్మోస్టాట్‌కే పడుతుంది.

నిజానికి దాని పని ఇంజిన్‌ని చల్లబరచడం కాదు. ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపడం. లోపల ఒక మైనం గుళిక ఉంటుంది. 82 అని ఉంటే ఆ వేడికి కరిగి వ్యాకోచించి వాల్వ్‌ని తెరవడం మొదలుపెడుతుంది, ఇంకో పది పదిహేను డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా తెరుస్తుంది. ఆ తర్వాత భారమంతా రేడియేటర్, ఫ్యాన్, వాటర్ పంపులదే. కాబట్టి ఘాట్ ఎక్కేటప్పుడు వేడెక్కే బండికి 76 డిగ్రీలది వేసినా ఒరిగేదేమీ లేదు. ఏ నంబరుదైనా అప్పటికే పూర్తిగా తెరుచుకుని ఉంటుంది.

థర్మోస్టాట్ లేకపోతే నష్టం వేరే రకంగా వస్తుంది. ఎంపీఎఫ్ఐ బండిలో, అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లు ఉన్న మీలాంటి బండిలో, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) కూలెంట్ సెన్సర్ చెప్పే వేడిని బట్టి పెట్రోలు కొలిచి ఇస్తుంది. ఇంజిన్ ఎంతకీ వేడెక్కకపోతే ఇంకా స్టార్టింగ్‌లోనే ఉన్నామనుకుని ఎక్కువ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. కార్బురేటర్ బండికి చోక్ లాగి మర్చిపోయినట్టన్నమాట. స్పార్క్ ప్లగ్గులు నల్లబడతాయి, మైలేజీ పోతుంది, ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే తీరు) గరుకుగా ఉంటుంది.

దీన్ని పట్టుకోవడానికి మీకు తిరుమల కంటే మంచి చోటు లేదు. దిగేది మొదటి ఘాట్ రోడ్డులో కదా. యాక్సిలరేటర్ మీద కాలుండదు, గేరులో బండి దానంతటదే దిగుతుంటుంది, రేడియేటర్‌కి ఎదురుగాలి తగులుతుంది. థర్మోస్టాట్ లేకపోయినా, తెరుచుకుని ఇరుక్కుపోయినా అలిపిరి చేరేలోపే టెంపరేచర్ ముల్లు బాగా కిందికి దిగిపోతుంది. బాగున్న బండిలో పెద్దగా కదలదు. కొత్తది వేశాక కూడా ఇదే చూడండి. ఇంకో మాట, చాలా పాత బళ్లలో ముల్లుకి ఒక సెన్సర్, ఈసీయూకి ఇంకో సెన్సర్ ఉంటాయి. ముల్లు సరిగ్గానే ఉన్నా ఈసీయూది తప్పు చెబుతూ ఉండొచ్చు. థర్మోస్టాట్ మార్చినా ప్లగ్గులు మళ్లీ నల్లబడితే ఆ ఈసీయూ సెన్సర్‌ని మీటరు పెట్టి చూడమనండి.

కొనేటప్పుడు ఛాసిస్ నంబరు చెప్పి అడగండి. ఒకే సైజులో వేర్వేరు డిగ్రీలవి దొరుకుతాయి, కూర్చుంది కదా అని ఏదో ఒకటి తీసుకోవద్దు. డిగ్రీలు సాధారణంగా దాని మీదే అచ్చు వేసి ఉంటాయి. కంపెనీ నంబరు 82 అయినా 88 అయినా ఆ తేడా గురించి టెన్షన్ అక్కర్లేదు, రెండింటిలో ఏదైనా ఇంజిన్‌ని పని చేసే వేడికి తెస్తుంది. 71, 76 లాంటివే వద్దంటాను. బిగించే ముందు గిన్నెలో నీళ్లు కాచి, దారంతో అడుగు తగలకుండా వేలాడదీసి, థర్మామీటరు పెట్టి చూడండి. చెప్పిన వేడికి తెరుచుకోవాలి, చల్లారితే మూసుకోవాలి. దానికి చిన్న గాలి రంధ్రం, అందులో ఆడే పిన్ను ఉంటే అది పై వైపుకి రావాలి. లేకపోతే గాలి చిక్కుకుంటుంది.

మన బోరు నీళ్లు మాత్రం పోయకండి, ఆ సున్నం రేడియేటర్ గొట్టాల్లో పేరుకుపోతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయండి.

అసలు భయం ఇక్కడుంది. ఆ థర్మోస్టాట్‌ని ఎవరో ఊరికే తీసి ఉండరు, బండి వేడెక్కితేనే తీసి ఉంటారు. రేడియేటర్ పూడిపోయిందో, ఫ్యాన్ సరైన సమయానికి తిరగడం లేదో, క్యాప్ ప్రెషర్ నిలపడం లేదో, ఆ రోగం అలాగే ఉండి ఉంటుంది. కొత్తది వేశాక ఏసీ వేసి నిలబెట్టి, ఫ్యాన్ తిరుగుతుందో లేదో చూశాకే కొండ ఎక్కండి. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తు. అక్కడ మామూలు నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి, క్యాప్ ప్రెషర్ నిలిపితేనే రేడియేటర్ నీళ్లు ఆగుతాయి. వేడి మీద క్యాప్ తియ్యొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇక వణుకు. అది మిస్సింగా (ఏదైనా సిలిండరు సరిగ్గా పని చేయకపోవడమా), ఉత్త అదురా అన్నది ముందు తేల్చుకోండి. సైలెన్సర్ దగ్గర నిలబడి వినండి. శబ్దం సమంగా ఉండి బాడీ, స్టీరింగ్ మాత్రమే అదురుతుంటే, కొంచెం రేస్ చేయగానే ఆగిపోతుంటే, ఇంజిన్ మౌంటింగుల రబ్బరు పోయినట్టు. మధ్యమధ్యలో తడబడుతుంటే మిస్సింగ్. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఇంజెక్టర్ కనెక్టర్లు ఒక్కొక్కటీ తీసి పెట్టమనండి. ఏది తీస్తే ఐడిల్‌లో మార్పు రాదో ఆ సిలిండరే పని చేయడం లేదు. ప్లగ్ వైర్లు లాగి చూడొద్దు, షాక్ కొడుతుంది. ఆ వైర్లను రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి, నీళ్లు సన్నగా స్ప్రే చేసి దూరం నుంచి చూడండి, కరెంటు లీకైతే నీలం మెరుపులు కనిపిస్తాయి. ఏ సిలిండరూ ప్రత్యేకంగా దొరక్కపోతే థ్రాటిల్ బాడీలో కార్బన్, ఐడిల్ కంట్రోల్ వాల్వ్, వాక్యూమ్ పైపులు చూడాలి. నా ఎస్టీమ్‌కి థర్మోస్టాట్ వేశాక మైలేజీ వెంటనే తేరుకుంది గానీ వణుకు సగమే తగ్గింది. మిగతా సగం ఒక వాక్యూమ్ పైపు పగులులో దొరికింది. రబ్బరు ఎండకి గట్టిపడి, వంపు దగ్గర అడుగువైపు చీలింది, పైనుంచి చూస్తే కనపడదు.

ఏసీ వేస్తే వణుకు పెరుగుతుందా, పొద్దున చల్లటి ఇంజిన్ మీద ఎక్కువగా ఉంటుందా అన్నది మీరు రాయలేదు. ప్లగ్గులు నాలుగూ విప్పించి, ఒక్కటే నల్లగా ఉందా అన్నీ ఉన్నాయా చూసి, ఆ రెండు సంగతులతో కలిపి ఇక్కడే రాయండి. నాలుగూ ఒకేలా నల్లగా ఉంటే ముందు థర్మోస్టాట్, ఒక్కటే నల్లగా ఉంటే ముందు ఆ సిలిండరు.