పంచభూతాల మాయకి కథలో చోటెక్కడ? నాకు కాలువ గట్టు మీద దొరికింది

మీ ప్రశ్న నాకర్థమైనంతవరకు ఇది: పంచభూతాల శక్తులున్న మనుషులతో ఒక కల్పిత లోకం కట్టుకుంటున్నారు. నిప్పువాళ్లకో రాజ్యం, నీటివాళ్లకో రాజ్యం, గాలివాళ్లకో కొండ అని పంచేశారు. చదివినవాళ్లేమో "ఎక్కడో చూసినట్టే ఉంది" అంటున్నారు. ఈ మాయని ఆ లోకంలో ఎక్కడ పెట్టాలని అడుగుతున్నారు.

ఆ మాట నేనూ పడ్డాను కాబట్టి రాస్తున్నా.

మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర ఒక పల్లె. 2019లో ఇలాంటి కథే మొదలుపెట్టి పది అధ్యాయాలు ఫోన్లోనే టైపు చేశాను. హీరో ఇటుకబట్టీలో కూలి. ఒకరోజు అరచేతిలోంచి మంట లేస్తుంది. ఇక యుద్ధాలే యుద్ధాలు. సంక్రాంతికి చుట్టాలంతా చేరినప్పుడు తమ్ముళ్లకి గొప్పగా చదివి వినిపిస్తున్నాను. మా మామ్మ పక్కనే మంచం మీద పడుకుని ఉంది, నిద్రపోయిందనుకున్నా. ఉన్నట్టుండి అడిగింది: "ఒరే, అంత నిప్పు చేతిలో ఉన్నోడు ఇంకా కూలికెందుకెల్తన్నాడ్రా? బట్టీవోడు ఆడ్ని ఒగ్గుతాడేటి? ఊక ఖర్చు, బొగ్గు ఖర్చు మిగుల్తాది. ఇంట్లో కట్టేసుకోడూ?"

తమ్ముళ్లు పగలబడి నవ్వారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మామ్మ అడిగినదానికి నా పది అధ్యాయాల్లో ఎక్కడా జవాబు లేదు. నిప్పు పుట్టించే మనిషి ఊళ్లో ఉంటే మొదట వచ్చేవాడు శత్రురాజు కాదు, బట్టీ యజమాని. తర్వాత కమ్మరి, తర్వాత పెళ్లి వంటవాళ్లు. నా లోకంలో మాయ ఉంది గానీ దానికి కూలి ఇచ్చేవాడు లేడు. ఆ పది అధ్యాయాలూ తీసేశాను.

మళ్లీ మొదలుపెట్టింది నీళ్లతో. దానికి కారణం మా చినమావయ్య. ఆయన వంశధార ఎడమ కాలువ మీద లస్కరు. తెలియనివాళ్లకి చెప్తున్నా, లస్కరంటే కాలువ గట్టు వెంట తిరుగుతూ తూముల దగ్గర నీళ్లు వదిలే, ఆపే చిన్న ఉద్యోగి. గొట్టా బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు టెక్కలి, పలాస వైపు శివారు భూములకి చేరేసరికి ఎన్ని చేతులు పడతాయో ఆయనకి తెలుసు. నాట్ల రోజుల్లో ఒక రాత్రి ఆయనతో వెళ్లాను. సైకిలు ఆపి, పంచె ఎగ్గట్టి, టార్చి కూడా వేయకుండా పిల్లకాలువలో దిగి నిలబడ్డాడు. నీళ్లు పిక్క దాకా లేవు, మడమ దాటాయంతే. కాసేపు అలాగే ఉండి, "పైన రెండో తూము ఎత్తీసినారు" అన్నాడు. వెళ్లి చూస్తే అంతే. రెండో తూము ఎత్తేసి ఉంది, కాలువకి అడ్డంగా గోనెసంచుల్లో మట్టి నింపి పెట్టారు. సంచులు తీయబోతే చీకట్లోంచి ఎవరో తిట్టారు కూడా. కిందూరు వెళ్తే వాళ్లూ తిట్టారు, నీళ్లు రాలేదని.

నా కథలో నీటి మంత్రగాడు ఈయనే. పేరు మార్చాను, గెడ్డ (వాగు) పేరు మార్చాను. అతనికి నీళ్లు పుట్టించడం రాదు. ఉన్న నీళ్లని కాస్త ఇటు, కాస్త అటు తిప్పగలడు. ఏడాదికి ఇంటికి రెండు కుంచాల ధాన్యం ఇస్తారు. ఏ ఊరివాళ్లూ అతన్ని పూర్తిగా నమ్మరు, అతను లేకుండా ఏ ఊరికీ గడవదు. పిల్లనివ్వాలంటే మాత్రం అందరూ వెనకాడతారు. నేను కొత్తగా కనిపెట్టింది పెద్దగా ఏమీ లేదు. నిజంగానే వంశధార నది నీటి కోసం మనకీ ఒడిశాకీ వాటా తేల్చడానికి 2010లో ట్రిబ్యునల్ వేయాల్సి వచ్చింది. అలాంటి చోట నీటిని మాటతో తిప్పే మనిషి ఉంటే ఎవరి పక్కన కూర్చుంటాడు? ఈ ఒక్క ప్రశ్నతో నాకు నాలుగు అధ్యాయాలు వచ్చాయి.

ఇప్పుడు 'ఎక్కడో చూసినట్టుంది' సంగతి. మీ ప్రశ్నలోనే నిప్పుకీ నీటికీ పడదని రాశారు. ఆ ఊహ మనది కాదు. గ్రీకుల లెక్కలో భూతాలు నాలుగు. ఎంపెడోక్లిస్ అనే తత్వవేత్త క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో చెప్పాడు. తర్వాత అరిస్టాటిల్ వాటికి వేడి-చలి, తడి-పొడి అని గుణాలు పంచాడు. నిప్పు వేడి, పొడి. నీరు చలి, తడి. అంటే రెండూ అచ్చంగా ఎదురెదురు. ఆ లెక్క తీసుకుంటే యుద్ధాలే వస్తాయి, రాజ్యాలే వస్తాయి.

తైత్తిరీయోపనిషత్తులో వరస వేరు. ఆకాశం నుంచి వాయువు, వాయువు నుంచి అగ్ని, అగ్ని నుంచి నీరు, నీటి నుంచి భూమి. ఈ వరస ప్రకారం నిప్పుకి నీరు శత్రువు కాదు, కూతురు! నేను ఇది పట్టుకున్నాక నా లోకంలో రాజ్యాలు పోయి చుట్టరికాలు వచ్చాయి. నిప్పింటివాళ్లు నీటింటివాళ్లకి పుట్టింటివాళ్లు. పండక్కి సారె పంపాలి. పంపకపోతే జరిగే రభస యుద్ధం కన్నా బాగా రాయొచ్చు, ఎందుకంటే అది మనం ప్రతి ఇంట్లో చూసిందే.

ఇంకోటుంది, ఇది నాకు బాగా పనికొచ్చింది. మన శాస్త్రాల్లో ఒక్కో భూతానికి గుణాలు పెరుగుతూ పోతాయి. ఆకాశానికి శబ్దం ఒక్కటే. గాలికి శబ్దం, స్పర్శ. నిప్పుకి వాటితో పాటు రూపం. నీటికి రుచి కూడా కలుస్తుంది. భూమికి ఐదోది, వాసన. దీన్నే నేను మాయకి హద్దుగా పెట్టాను. గాలిమనిషి కళ్లతో చూసి ఏమీ చేయలేడు, ఒంటికి తగలాలి. నీటిమనిషి ముందు ఆ నీళ్లు నోట్లో పోసుకుని రుచి చూడాలి, అందుకే చెడ్డ నీళ్లకి ఊళ్లో మొదట మంచాన పడేది అతనే. శక్తికి ఖరీదేమిటని విడిగా వెతుక్కోనక్కర్లేదు, గుణంలోనే ఉంది. (ఇక్కడ మా జిల్లా తీరంలోని ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బుని కథలోకి లాగాలనిపించింది. ఆపుకున్నాను. పక్కింటి కష్టాన్ని రుచి కోసం వాడుకోవడం నాకు నచ్చలేదు.)

గాలి గురించి రాయడానికి మాత్రం ధైర్యం చాల్లేదు చాలాకాలం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పల్లిసారథి దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో మా పిన్నిది ఆ చుట్టుపక్కల ఊరే. దారులు తెరిచాక వెళ్లాం. కొబ్బరిచెట్లు కొన్ని వేళ్లతో సహా, కొన్ని నడిమికి విరిగి. జీడితోట దాదాపు అంతా పడుకుంది. పిన్ని చెట్లని ఒకటి, రెండు అని లెక్కపెట్టలేదు. "ఇది మీ తాత ఏసింది, ఇది నా పెళ్లయిన ఏడు ఏసింది, ఇది పెద్దోడు పుట్టినప్పుడు" అంటూ మోడుల మధ్య నడిచింది.

అందుకే నా కథలో గాలిమనిషి తుపానుని ఆపలేడు. పక్కకి తిప్పగలడు. తన ఊరి మీదకొచ్చే గాలిని ఒక రాత్రి తిప్పేస్తాడు, ఊరంతా నెత్తిన పెట్టుకుంటుంది. తెల్లారి పక్కూరి నుంచి ఒక ముసలామె వచ్చి అతని గుమ్మంలో కూర్చుంటుంది. తిట్టదు, ఏడవదు. పడిపోయిన చెట్లు ఎవరెవరు వేశారో చెప్పుకుంటూ పోతుంది. ఆ ఒక్క సన్నివేశం పదకొండుసార్లు తిరగరాశాను.

నిప్పు తేలిక, రెండు ముక్కల్లో చెప్తాను. మా జిల్లాలోనే ఉన్న బుడితి వెళ్లి ఇత్తడి పోత పోసేవాళ్లని చూడండి. ఇత్తడంటే రాగి, జింకు. వేడి మించితే జింకు తెల్లటి పొగై ఎగిరిపోతుంది, సరుకు పాడవుతుంది. కాబట్టి నా లోకంలో పెద్ద మంట పెట్టేవాడికి విలువ లేదు, మంటని సరైన రంగు దగ్గర ఆపేవాడికే రెట్టింపు కూలి.

భూమిమనిషిని పొలం గట్ల తగాదాలకి వాడుకున్నాను, పొలం వాసన చూసి ఎవరి మట్టి ఎవరి గట్టులో కలిసిందో చెప్తాడు. అంతకన్నా బాగా రాలేదు.

ఆకాశమే ఇంకా నడుస్తోంది. దానికి శబ్దం ఒక్కటే కదా. ఒకామె ఉంటుంది, ఒకచోట ఎప్పుడో అన్న మాటలు అక్కడ నిలబడితే ఆమెకి వినిపిస్తాయి. అప్పు తీసుకున్నానన్నది, తీసుకోలేదన్నది, గది తలుపులేసుకుని అన్నది, అన్నీ. తగువు తీర్చడానికి అందరికీ ఆమె కావాలి. మిగతా రోజుల్లో ఆమె ఇంటి ముందు నుంచి వెళ్లేటప్పుడు జనం నోరు మూసుకుని వెళ్తారు. ఆమెతో మాట్లాడేది చిన్నపిల్లలే. ఈ అధ్యాయం మామ్మకి చదివి వినిపించాలి, ఈసారి ఏమంటుందో అని టెన్షన్‌గా ఉంది.

మీరు రాజ్యాల మ్యాపు కొన్నాళ్లు పక్కన పెట్టండి. మీ నిప్పుమనిషికి కూలి ఎవరిస్తున్నారో, ఎంతిస్తున్నారో, ఎందుకు ఎగ్గొడుతున్నారో ఒక పేజీ రాసి పెట్టండి. చదివి చెప్తాను.