ఒక్క విమానం ఫ్లైట్ ప్లాన్ (అది వెళ్లే దారి వివరాలు) దగ్గర ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ కంప్యూటర్ ఆగితే దేశమంతా విమానాలు ఎందుకు ఆగుతాయి? బ్యాకప్ ఉండదా?

బ్యాకప్ ఉంటుంది, కానీ అందులోనూ అదే సాఫ్ట్‌వేర్ ఉంటే అదే ప్లాన్ దగ్గర అదీ ఆగిపోతుంది. ఫ్లైట్ ప్లాన్ అంతుచిక్కనప్పుడు కంట్రోలర్లకు తప్పుడు సమాచారం ఇచ్చేకన్నా ఆగిపోవడమే మేలని వీటిని అలా తయారుచేస్తారు.

2023 ఆగస్టు 28న బ్రిటన్‌లో జరిగింది ఇదే. లాస్ ఏంజెలెస్ నుంచి పారిస్ వెళ్లే విమానం దారిలో 'డీవీఎల్' అనే కోడ్ రెండు చోట్లకు ఉంది: అమెరికాలో డెవిల్స్ లేక్, ఫ్రాన్స్‌లో డోవిల్. ప్లాన్‌లో తప్పేమీ లేదు. బ్రిటన్ దాటాక రావాల్సిన డీవీఎల్ కోసం వెతికి, సాఫ్ట్‌వేర్ అమెరికాలోని దాన్ని పట్టుకుంది. విజయనగరం కాంప్లెక్స్‌లో కొత్తవలసకు టికెట్ అడిగితే, అనుమానం వచ్చిన కండక్టర్ "ఏ కొత్తవలస బాబూ?" అంటాడు. ఈ ప్రోగ్రాంకు అప్పట్లో ఆ అడగడమే రాలేదు. 20 సెకన్లలోపే మెయిన్, బ్యాకప్ రెండూ మూతపడ్డాయి. ప్లాన్లు చేత్తో ఎక్కించాల్సి రావడంతో విమానాల సంఖ్య తగ్గించారు. 7 లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు.

రాడార్ పోయిందనీ, గాల్లో విమానాలు దిక్కుతోచక తిరిగాయనీ చాలామంది అనుకుంటారు. కాదు, రాడార్, రేడియో పనిచేస్తూనే ఉన్నాయి.